ఏడో జత

"మీరే గీయాలి మేడమ్. తొందరేం లేదు, నేను భోంచేసి వచ్చేసరికి పెన్సిలు గీత ఉంటే చాలు," అని ఆ పరిశోధక అమ్మాయి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తొందరేం లేదట, వచ్చేసరికి మాత్రం ఉండాలట. ఈ కాలం పిల్లల తొందర ఇలాగే ఉంటుంది, మెత్తగా. తలుపు దానంతటదే మూసుకుంది. గోడ గడియారం ఒంటిగంట దాటి మూడు నిమిషాలంటోంది, అది ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందుంటుంది కాబట్టి ఇంకా ఒంటిగంట కాలేదు. చేతిలో ఇంకా గంటసేపు ఉంది. మ్యూజియం మూడో అంతస్తులో చివరి గది, కిటికీకి ఆనించిన పొడుగాటి బల్ల, బల్ల మీద సూక్ష్మదర్శిని, దాని కింద గాజుపలక మీద గ్లిజరిన్ చుక్కలో పక్కకి ఒరిగి పడుకున్న నాలుగు మిల్లీమీటర్ల తెల్లటి గుడ్డి ప్రాణి. ముప్పై నాలుగేళ్లుగా ఈ గదిలో కూర్చుని ఇలాంటివాటి బొమ్మలు గీస్తున్న ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. చెయ్యి వణకదు, చూపు చెక్కుచెదరలేదు. ఈ రెంటిలో ఏ ఒక్కటి చెడిపోయి ఉన్నా ఎంత బాగుండేదని ఇవాళే మొదటిసారి అనిపించింది.

అది గుహలో పుట్టిన ప్రాణి. రొయ్యలకు దూరపు చుట్టం. కాళ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి సమపాదులు అంటారు వీటిని. వెలుగు సోకని నీటిగుంటల్లో తరతరాలు బతికి, అక్కర్లేని కళ్లనీ అక్కర్లేని రంగునీ వదిలేసుకున్నాయి. సమపాదికి ఏడు జతల కాళ్లుండాలి, దీనికి ఆరే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల కిందట, ఇదే మ్యూజియంలో శాస్త్రవేత్తగా ఉన్న ఆవిడ అన్నయ్య దీన్నీ, దీంతో పాటు దొరికిన మరో రెంటినీ చూసి, ఆరు జతలతోనే బతుకు వెళ్లదీసే ప్రాణి లోకంలో మరెక్కడా లేదని తేల్చి, వీటికోసం ఒక కొత్త ప్రజాతినే నిలబెట్టాడు. ఆ ప్రజాతికి మూల నమూనా, అంటే సాక్ష్యంగా దాచిన మొదటి ప్రాణి, ఇదే. ఇప్పుడు ఈ అమ్మాయి నడుముకి తాడు కట్టుకుని అదే గుహలోకి దిగి, అదే గుంటలోంచి నలభై మూడింటిని పట్టుకొచ్చింది. పెద్దవి పద్నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉన్నాయి. వాటికి ఏడు జతలూ నిక్షేపంగా ఉన్నాయి, బావుల్లో దొరికే పాత ప్రజాతి ఒకటుంది, అచ్చం దాని పోలికే. పిల్లలకి మాత్రం ఆరే. తల్లి పొట్ట కింది సంచిలోంచి ఆరు జతలతోనే బయటపడతాయి, ఏడో జత ఆ తర్వాత మొలుస్తుంది. ఈ శాస్త్రంలో అది ఓనమాలు. అన్నయ్య చూసినవి పసికూనలైతే ఒంట్లో ఏడో ఖండం అంచున కాలి మొలక కనబడాలి. కనబడితే ప్రజాతి రద్దు, ప్రాణులు పాత ప్రజాతిలో కలిసిపోతాయి. కనబడకపోతే ఒకే గుంటలో రెండు రకాలున్నాయేమోనన్న వాదనకి చోటు మిగులుతుంది, ప్రజాతి మరో తరం బతుకుతుంది. "నా కంటికి మురికో మొలకో తేలట్లేదు మేడమ్. మీ పేరున్న ప్రజాతి కదా, వేరేవాళ్ల చేత గీయిస్తే బాగుండదు," అంది తలుపు దగ్గర నిలబడి. అవును, ఆ ప్రజాతికి ఉన్నది ఆవిడ పేరే.

కుర్చీ ముందుకి లాక్కుని ఆవిడ కన్ను ఆనించింది. ఆనించక్కర్లేదు, చూడకుండానే తెలుసు. అయినా చూడటం అలవాటు. సూక్ష్మదర్శిని పక్కనించి చేయిలా చాచుకున్న చిన్న అద్దం ఒకటుంటుంది, దాని గుండా చూస్తే గాజుపలక మీది ప్రాణీ, బల్ల మీది కాగితమూ, కాగితం మీది తన వేళ్లూ పెన్సిలూ అన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. చేరిన కొత్తల్లో తన వేళ్లు పీత వీపు మీద పాకుతుంటే కెవ్వుమన్నంత పని చేసింది. అన్నయ్య నవ్వి, "అది నీ చెయ్యేనే, నిన్నేం కరవదు," అన్నాడు. ఆరో ఖండం, దాని కాలు, కాలి చివర ఒంటి గోరు, ఆపైన ఏడో ఖండం, మిగతావాటికంటే ఇరుకు, దాని కింది అంచున పొట్ట వైపు మడుచుకుని చిన్న బుడిపె. ఆవగింజలో అరవయ్యో వంతు ఉండదు. దారం చివర వేసిన ముడిలా ఉంది. ఇరవై ఆరేళ్లు ద్రావకంలో నాని కాస్త పసుపు తిరిగింది, అంతే తేడా. దాన్ని మురికంటారా ఎవరైనా? మురికి అంచులు చెదిరి ఉంటాయి. దీనికి చర్మం ఉంది, కీలు గుర్తుంది. ఆ అమ్మాయికి తేలకపోవడమేమిటి, తెలిసే ఉంటుంది, మర్యాదకి అలా అని ఉంటుంది, లేకపోతే పెద్దావిడ ఏం గీస్తుందో చూద్దామనుకుని ఉంటుంది. కాదు, పాపం, ఆ పిల్ల మొహంలో అంత ఆరిందాతనం లేదు. మెత్తటి పిల్ల. బొమ్మలకి కంప్యూటరున్నా మీ చుక్కలే కావాలని పనిగట్టుకుని మూడు ఉత్తరాలు రాసింది.

మురికి అన్నది అన్నయ్య. "అది మురికే, తుడిచెయ్," అన్నాడు. ఆవిడకి బాగా గుర్తు. కిటికీ దగ్గర నిలబడి, నీలం స్వెటర్ వేసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని అన్నాడు. అన్నయ్యకప్పటికే రెండు కళ్లల్లోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకో అంటే ఈ పని కానీ, ఆ పని కానీ అని వాయిదాలు. చదవడానికి ఆవిడ, కొలవడానికి ఆవిడ, కాళ్లు విడదీసి పలక మీద పేర్చడానికి ఆవిడ. "నాకు కళ్లు పోయినా నష్టం లేదు, చెల్లెలి దగ్గర రెండున్నాయి," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, వాళ్లు నవ్వేవారు, ఆవిడ తల దించుకుని చుక్కలు పెట్టుకునేది. అయినా చెప్పేవాడు చెబితే చేసేవాళ్లు చేస్తారు, చిత్రకారిణి పని గీయడం, తేల్చడం శాస్త్రవేత్త పని, తప్పయితే ఆయనది, ఒప్పయితే ఆయనది. ఇరవై ఆరేళ్లుగా ఈ మాట ఆవిడకి దిండులా పనికొచ్చింది.

పేరు పెట్టిన రోజు సంగతి చెప్పాలి. వానాకాలం చివర, ఇదే గది, ఇదే బల్ల. "పేరు దొరికిందే అమ్మడూ," అన్నాడు అన్నయ్య. ఇంట్లో అమ్మడు అనే పిలిచేవాడు. ఏం పేరంటే, "నీదే. చివర్న లాటిన్ తోక తగిలించాను, ఏమనుకోకు," అన్నాడు. గుడ్డిదానికి నా పేరా, అని ఉడుక్కుంటే, "గుడ్డిదైతేనేం, లోకంలో దీనికి జోడీ లేదు," అన్నాడు. అప్పుడావిడకి ముప్పై రెండేళ్లు. రెండుసార్లు పెళ్లిమాటలు వచ్చి, రెండుసార్లూ వచ్చిన దారినే వెళ్లిపోయాయి. గీసిన బొమ్మలు పుస్తకాల నిండా ఉన్నాయి గానీ బొమ్మకింద మూలన రెండు పొడి అక్షరాలు తప్ప ఆవిడ పేరు ఎక్కడా లేదు, ఆ రెండు కూడా భూతద్దం పెడితే గానీ కనబడవు, చిత్రకారుల ఆచారం అది. ఆ సాయంత్రం బస్సెక్కడం మరిచిపోయి ఇంటికి నడుచుకుంటూ వెళ్లింది. దారిపొడుగునా షాపుల బోర్డుల మీద ఎవరెవరివో పేర్లు. బట్టల షాపు, మందుల షాపు, గొడుగులు బాగుచేసేవాడు, అందరి పేర్లకీ దుమ్ము పట్టి, రంగు వెలిసి ఉంది. నాది వెలవదు అనుకుంది. లోకంలో ఏ భాషవాడైనా ఆ ప్రాణి గురించి రాయాలంటే నా పేరు రాసి తీరాలి అనుకుంది. ఎంత గర్వమో! గుడ్డిపురుగు పేరు చూసుకుని అంత పొంగిపోయిన ఆడది ఆ ఊళ్లో ఆవిడొక్కతే అయి ఉంటుంది. నాలుగు స్టాపులు నడిచి, ఇల్లు కూడా దాటిపోయి, వెనక్కి తిరిగొచ్చింది.

ఇప్పుడు పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. మ్యూజియంలో మేడమ్. ఇంటావిడకి పై వాటా ఆవిడ. అన్నయ్య కొడుకు ఫోన్ చేస్తే అత్తా అంటాడు, ఏడాదికి రెండుసార్లు. అన్నయ్య పోయాక వదిన ఆ కొడుకు దగ్గరికే వెళ్లిపోయింది. వెళ్లేముందు అన్నయ్య కళ్లద్దాలు ఇచ్చి, నీ దగ్గరుంచుకో అంది, ఎందుకో చెప్పలేదు. పై వాటాలో రెండు గదులు. పొద్దున లేచి కాఫీ కలుపుకుంటూ కప్పుతో మాట్లాడుతుంది, కుక్కర్‌ని కోప్పడుతుంది, మొన్నొకసారి మెట్లెక్కుతూ తన పేరు తనే పైకి అనుకుంది, ఎలా ఉంటుందో వినాలని. ఏదో పరాయి మనిషిని పిలిచినట్టు అనిపించింది. ఒంటరిగా ఉన్నానని ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గు, మీకేం మేడమ్ హాయిగా ఉన్నారు అంటారు. హాయిగానే ఉంది. గుహలో నీళ్లు కూడా హాయిగానే ఉంటాయేమో, కదలిక లేకుండా. ఆ రోజు మెట్ల మీద నిలబడి ఏడ్చిన సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

బల్ల మీద, సీసాల పక్కన, ఆ అమ్మాయి రాస్తున్న వ్యాసం ప్రతి ఉంది. రెండో పేజీ పైకి తెరిచి ఉంది. చదవకూడదు. చదివింది. "మొదటి వర్ణన చేసిన రచయిత ఏడో జత కాళ్ల మొలకను గమనించలేదు." ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు, బొమ్మ వచ్చాక ఖాయం చేద్దామని కాబోలు. గమనించలేదు. ఒక్క మాట. వరండాలో అన్నయ్య ఫొటో ఉంది, కింద ఇత్తడి రేకు మీద ఈ ప్రజాతి పేరు చెక్కి ఉంది. ఇకమీదట దాని ముందునించి వెళ్లే ప్రతి విద్యార్థీ, పసికూనల్ని చూసి పెద్దవనుకున్న మహానుభావుడు ఈయనేరా, అంటాడు. ఓనమాలు రానివాడు అంటాడు. అన్నయ్యకా ఓనమాలు రానిది?

ఎదురుగా పళ్లెంలో సూదులున్నాయి. సన్నవి, తామర కాడంత మెత్తటి కాళ్లని విడదీసే సూదులు. ద్రావకంలో నానిన పాత ప్రాణులు పెళుసు, చిటికేస్తే విరుగుతాయి. ఆ బుడిపె పక్కన సూదిమొన ఆనించి ఊపిరి విడిచినంత బలం చాలు, ఊడొస్తుంది, గ్లిజరిన్ చుక్కలో ఓ మూలకి తేలిపోతుంది, అప్పుడది నిజంగానే మురికి. అడిగేవాడు లేడు. పాత నమూనాలు విరగడం మామూలే, చీటీ మీద ఒక ముక్క రాస్తే సరి. అన్నయ్య పరువు నిలుస్తుంది, ప్రజాతి నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. ఎవరికి నష్టం? గుహలో వాటికి వాటి పేరేమిటో తెలుసా, పాడా? సూది చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఆవిడకి తెలియదు. అద్దం గుండా చూస్తే ప్రాణి వీపు మీద సూదిమొన గునపమంత ఉంది. ఎడమచెయ్యి తన ప్రమేయం లేకుండా కాగితం మీద బోర్లా పడి ఉంది. కాగితం మీద ఇంకా గీతే లేదు, అయినా చెయ్యి దేన్నో కప్పుతోంది.

దేన్ని కప్పుతోంది? అరచేతి కింద కాగితం చల్లగా ఉంది. ఆ రోజు కూడా ఇలాగే చల్లగా ఉంది. పేరు చెప్పిన మూడో నాడు. పెన్సిలు గీత పూర్తయింది, బుడిపెతో సహా, ఎందుకంటే కన్ను చూసింది చెయ్యి గీసుకుంటూ పోతుంది, మధ్యలో మనసుని అడగదు. అన్నయ్య లోపలికొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడలేదు. స్వెటర్ లేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తొయ్యలేదు. ఆవిడ కుర్చీ వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, "ఏడో ఖండం అంచున ఏమైనా ఉందా అమ్మడూ? బాగా చూసి చెప్పు. మొలకలాంటిది ఉంటే ఇవి పిల్లలన్నమాట, ఈ పని ఇక్కడితో ఆపేద్దాం," అన్నాడు. అడిగాడు. అప్పటిదాకా బావుల్లో దొరికినవాటిలో పెద్దవి కూడా నాలుగు మిల్లీమీటర్లకి మించలేదు కాబట్టి ఇవీ పెద్దవేనని ఆయన లెక్క, అయినా అడిగాడు. ఆవిడ అరచెయ్యి కాగితం మీదికి జరిగింది. అరచేతి కింద బుడిపె ఉంది. "ఏం లేదు అన్నయ్యా. కొంచెం మురికి, అంతే." సరే అన్నాడు. మళ్లీ అడగలేదు. ఆయన వెళ్లాక రబ్బరు తీసింది. మురికి అన్నది ఆవిడే, తుడిచింది ఆవిడే, ఇన్నేళ్లూ ఆ మాటకి అన్నయ్య గొంతు అతికించి, నీలం స్వెటర్ తొడిగి, కిటికీ దగ్గర నిలబెట్టింది కూడా ఆవిడే. కంచే చేను మేస్తే చేను ఎవరితో చెప్పుకుంటుంది?

మరి ఆ ఉత్తరం? అచ్చయిన ఏడాదికి ఎవరో దూరదేశపు పండితుడు రాశాడు, మీవి పిల్లలు కావు కదా, మొలక కోసం చూశారా అని. అన్నయ్య జవాబు చెబుతుంటే ఆవిడే టైపు కొట్టింది. "నా చూపు సరిగా లేదు గాని నా చెల్లెలు చూసింది. ఆమె కళ్లను నేను నా కళ్లకంటే ఎక్కువ నమ్ముతాను. మొలక లేదు." ప్రతి అక్షరం తన వేళ్లతో కొట్టింది. "లేదు" దగ్గర వేళ్లు ఆగాయి, ఏమైందే అన్నాడు, రిబ్బన్ అడ్డం పడిందంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కవరు అంటించింది. తర్వాత ఆపరేషన్ అయ్యి కళ్లు బాగుపడ్డాక కూడా అన్నయ్య ఆ సీసా మళ్లీ తెరవలేదు. ఎందుకు తెరుస్తాడు? చెల్లెలు చూసింది. చెప్పడానికి ఇరవై మూడేళ్లు ఆయన బతికే ఉన్నాడు, ఈ పక్క గదిలోనే, మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవారు. రేపు చెబుదాం అనుకున్న రోజులు లెక్కలేనన్ని. ఆఖరి వారం ఆసుపత్రిలో కూడా అనుకుంది. అప్పుడాయన నీళ్లు అడిగాడు, నీళ్లు ఇచ్చింది. ఇప్పుడు చెప్పాలని ఉంది, వినేవాడు లేడు. క్షమించమని అడగాలని ఉంది, ఎవరిని అడగాలో తెలియక ఆవిడ సూక్ష్మదర్శినికి నుదురు ఆనించింది.

సూది పళ్లెంలో పెట్టింది. పెన్సిలు చెక్కింది. ఆరో ఖండం వంపు, దాని కాలు, ఒంటి గోరు. ఏడో ఖండం పై అంచు, కింది అంచు. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగుతుందేమో అనుకుంది, ఆగలేదు. కన్ను చూసింది గీసుకుంటూ పోయింది. బుడిపె, దాని మడత, కీలు గుర్తు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. పూర్తయ్యాక చూసుకుంటే పావుగంట కూడా పట్టలేదు. గడియారం రెండంటోంది. మెట్ల మీద అమ్మాయి చెప్పుల చప్పుడు వినబడింది.

అమ్మాయి వచ్చి, చెయ్యి తుడుచుకుని, కాగితం వైపు వంగింది. చాలాసేపు చూసింది. "మొలకే కదా మేడమ్," అంది మెల్లిగా, ఎవరికో జబ్బు చేసిందని చెప్పినట్టు.

"మొలకే. అప్పుడు కూడా ఉంది."

"సారీ మేడమ్. మీ పేరు..."

"పేరు సంగతి వదిలెయ్. రెండో పేజీలో ఆయన గమనించలేదని రాశావు, అది తీసెయ్. నన్నడిగాడు. ఉంటే పని ఆపేద్దామన్నాడు. లేదని నేను చెప్పాను. గీసి, తుడిచేశాను."

అమ్మాయి కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూసింది, కాగితం చూసింది, ఆవిడ మొహం మాత్రం చూడలేదు. "ఎందుకు మేడమ్?" అని అడగబోయి, జవాబు తోచినట్టుంది, ఆగిపోయింది. "వ్యాసంలో అలాంటివి రాయరు మేడమ్," అంది. "మహా అయితే, మొదటి బొమ్మలో మొలకను వదిలేశారు, అని రాయొచ్చు. ఎవరనేది రాయక్కర్లేదు. మీకెందుకు చెప్పండి ఈ వయసులో ఇదంతా?"

"ఎవరో రాయకపోతే ఆయనే అనుకుంటారు. గీసినావిడ వదిలేసిందని రాయి."

"అందరూ చదువుతారు మేడమ్."

"చదవనీ."

అమ్మాయి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ వాక్యం వెతికి పట్టుకుని, చెరిపింది. తెర మీద ఖాళీ జాగాలో చిన్న గీత కొట్టుకుంటూ ఉంది. "మొదటి బొమ్మ గీసిన" అని కొట్టి, వేళ్లు ఆపి, ఇబ్బందిగా ఇటు తిరిగింది.

"మీ పూర్తి పేరు ఎలా రాస్తారు మేడమ్? ఇంటిపేరుతో కలిపి చెప్పండి."

ఆవిడ చెప్పింది. అమ్మాయి వేళ్లు ఒకచోట తడబడితే, మళ్లీ మొదటినించి ఒక్కో అక్షరమే విడదీసి చెప్పింది.